వేదాద్రి కిటికీ మూసిన రాత్రి

మాణిక్యాంబగారిని ఎవరేమడిగినా ఆ పూటే జవాబు చెప్పే అలవాటు లేదు. "పెసలు పోసిన రోజే మొలకలు తింటానంటే ఎలా నాయనా? కాస్త నాననీ" అనేవారు. చింతపల్లి కొండల మీద ఆవిడ నడిపే ప్రకృతి వైద్యశాలలో మందులూ మాత్రలూ ఉండవు. గాలి, నీళ్ళు, ఎండ, మట్టిపట్టీలు, పచ్చి కూరలు, అప్పుడప్పుడూ పస్తు, అదే అక్కడి వైద్యం. రోగులు మూలుగుతూ వచ్చేవారు, మొదటి నాలుగు రోజులూ అందరినీ తిట్టుకునేవారు, ఆ తర్వాత నవ్వుతూ ఇళ్ళకి వెళ్ళేవారు. అందరూ అని చెప్పను గానీ, చాలామంది.

ఆవిడ శిష్యుల్లో వేదాద్రి పెద్దవాడు. పుష్యమాసంలో ఒకనాడు, ఆవిడ ఎండలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తుంటే, దగ్గర చేరి అడిగాడు. "అమ్మా, పదిమందికి చెప్పే అర్హత మనిషికి ఎప్పుడొస్తుంది?"

ఊసుపోక అడిగిన ప్రశ్న కాదది. బొబ్బిలిలో రైసుమిల్లు షావుకారు ఒకాయన ఇక్కడ కీళ్ళనొప్పులు పోగొట్టుకుని వెళ్ళి, తన పాత బంగళాలో ఇలాంటి వైద్యశాలే పెట్టిస్తానన్నాడు. వేదాద్రి వచ్చి నడపాలి, అమ్మగారు సరేననాలి, అదీ ఏర్పాటు. జవాబు కోసం ఆయన గుమాస్తా మర్నాడే వస్తున్నాడు. వేదాద్రికి అప్పుడే ఆ బంగళా వరండా, అక్కడ బారులు తీరిన రోగులు, వాళ్ళ మధ్య నిలబడి మాట్లాడుతున్న తాను కళ్ళకి కట్టినట్టు కనిపిస్తున్నారు. అమ్మగారు ఒక్కసారి తల ఊపితే చాలు. ఆవిడ మాత్రం తల ఊపకుండా ఇంకో చిక్కుడుకాయ అందుకున్నారు.

వేదాద్రి చెడ్డవాడు కాదు. మట్టి తడపడం దగ్గర్నుంచి రోగి నాలుక చూడడం దాకా అన్నీ శ్రద్ధగా నేర్చుకున్నాడు. కాకపోతే గాలి విషయంలో కొంచెం పట్టుదల ఎక్కువ. చలికాలం వచ్చిందంటే చాలు, రోజూ పొద్దు గూకగానే వరసగా గదులన్నీ తిరిగి కిటికీలు బార్లా తెరిచి వచ్చేవాడు. "చలి ఒంట్లో లేదండీ, మనసులో ఉంది. నాలుగు చలికాలాలుగా నేను కిటికీ తెరుచుకుని ఒక్క రగ్గుతో పడుకుంటున్నాను. నాకేమైంది?" అనేవాడు. ఏమీ కాలేదన్నది అందరూ చూస్తున్నదే కాబట్టి ఎవరూ నోరెత్తేవారు కాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దలు.

ఒక్క పోలినాయుడే నోరెత్తాడు. ఆయనది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. పుట్టిందీ పెరిగిందీ బెల్లం పొయ్యి పక్కన. తలదిమ్ము, నిద్రపట్టకపోవడం అనే రెండు బాధలతో వచ్చి, ఇక్కడి చలితో మూడోది కూడా తెచ్చుకున్నాడు. మంకీ టోపీ, దాని మీద తువ్వాలు, దాని మీద శాలువా చుట్టుకుని ఆయన మంచం మీద కూర్చుంటే ముక్కు తప్ప మనిషి కనపడేవాడు కాదు. వేదాద్రి కిటికీ తెరిచి వెళ్ళగానే లేచి మూసేవాడు. మూయడమే కాదు, రెక్కల సందుల్లో గోనెపట్టా ముక్కలు కుక్కేవాడు. వేదాద్రి ఆ ముక్కలు పీకి, చీవాట్లు పెట్టి, తన గదిలో గూట్లో దాచేవాడు. మర్నాటికి కొత్త ముక్కలు పుట్టేవి. వాటి కోసం వంటశాలలో గోనెసంచులు తరిగిపోతున్నాయని వంటవాళ్ళు గోల.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసే అమ్మగారి దగ్గరికి వెళ్ళారు.

"అమ్మగోరూ, రోగం తగ్గించుకుందారని వచ్చినాను గానీ మంచుగెడ్డ అయిపోదారని రాలేదు" అన్నాడు పోలినాయుడు. "కిటికీ మూసుకోనిస్తే ఉంటాను. లేదంటారా, పొద్దున్నే బస్సెక్కిపోతాను."

"చూశారా అమ్మా! రాత్రంతా గది మూసుకుని కుళ్ళిన గాలి పీలిస్తే తలదిమ్ము ఎలా తగ్గుతుంది?" అన్నాడు వేదాద్రి.

ఆవిడ ఇద్దరి మాటా విన్నారు. "ఇద్దరూ చెప్పింది నిజమే" అన్నారు. "ఒక పని చేయండి. ఈ రాత్రికి గదులు మార్చుకోండి."

వేదాద్రికి ఇందులో కిటుకేమీ కనపడలేదు. పైగా సంతోషం కలిగింది. గుమాస్తా వచ్చే వేళకి, ఈ మొండి రోగి గదిలోనే తాను హాయిగా నిద్రపోయి చూపిస్తే అమ్మగారికి అంతకంటే ఏం కావాలి? రగ్గు చంకన పెట్టుకుని, ఈల వేసుకుంటూ పోలినాయుడి గదికి వెళ్ళాడు. కిటికీ బార్లా తెరిచాడు. పడుకున్నాడు.

ఆ గది లోయ అంచున ఉంది. మంచం కిటికీ కిందే ఉంది. కాసేపటికి లోయలోంచి గాలి లేచి సరాసరి అతని చెవిలోకి దూరింది. "చలి మనసులో ఉంది" అనుకున్నాడు వేదాద్రి. మనసులో ఉన్న చలి మోకాళ్ళకి పాకింది. రగ్గు కాళ్ళ మీదికి లాగితే మెడ బయటపడింది, మెడ మీదికి లాగితే కాళ్ళు బయటపడ్డాయి. లేచి, మంచం కిందున్న చాప తీసి రగ్గు మీద కప్పుకున్నాడు. రోగులకి తాను రోజూ ఇచ్చే ఉపన్యాసాన్ని మొదటి నుంచీ మనసులో చెప్పుకోవడం మొదలుపెట్టాడు. సగంలో పళ్ళు టకటకమని కొట్టుకుని మాట తప్పిపోయింది.

చివరికి లేచి కిటికీ మూశాడు. మూస్తే సందుల్లోంచి కొడుతోంది. అప్పుడు చీకట్లో నేల మీద కూర్చుని, వేదాద్రి, గోనెపట్టా ముక్కల కోసం తడుముకున్నాడు. ఒక్కటీ దొరకలేదు. దొరకవు, వాటిని పీకి పట్టుకుపోయింది తనే కదా! విధిలేక తన పైపంచె తీసి, మెలిపెట్టి, సందులో కుక్కి, ముడుచుకుని పడుకున్నాడు. అలా పడుకున్నవాడు బారెడు పొద్దెక్కితే గాని లేవలేదు.

లేచి తలుపు తీసేసరికి ఎదురుగా పోలినాయుడు. టోపీ లేదు, తువ్వాలు లేదు, శాలువా లేదు. మొహం కడిగిన గిన్నెలా మెరిసిపోతోంది.

"బాబుగోరూ, తమ వైద్యం గొప్ప వైద్యమండీ! కిటికీ బార్లా తీసీసే పడుకున్నాను. ఏటి నిద్ర! పెళ్ళికి ముందు పట్టింది అలాటి నిద్ర, మళ్ళీ ఇదే. తల దిమ్మంతా ఎటు పోనాదో పోనాది."

"చలి వేయలేదా?" అని అడిగాడు వేదాద్రి. గొంతు బొంగురుపోయింది.

"చలేటి? ఆ గోడకి వీపానించీసి పడుకున్నాను. మా బెల్లం పొయ్యి కాడ పడుకున్నట్టే ఉంది."

వేదాద్రి తన గదికి వెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. చెంప ఆనించాడు. హాయిగా ఉంది. ఆ గోడకి అవతలే స్నానాల నీళ్ళు కాగే పొయ్యి. అందులో సాయంత్రం ఊక దట్టిస్తే తెల్లారేదాకా కుముల్తూనే ఉంటుంది. ఆ సంగతి అతనికి తెలియనిది కాదు, చాలాసార్లు ఊక దట్టించింది తనే. గోడకి అవతల పొయ్యి ఉందని తెలుసు, ఇవతల తనకి చలి వేయదని తెలుసు. ఈ రెంటినీ ఏనాడూ కలిపి చూసుకోలేదు, అంతే. గోడ ఇచ్చిన వెచ్చదనాన్ని తన నిష్ఠ ఖాతాలో వేసుకున్నాడు. ఎంతమంది ముసలివాళ్ళని, ఎన్ని రాత్రులు, ఏమేమి అన్నాడో ఒక్కొక్కటే గుర్తొచ్చి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

ఫలహారాల వేళకి అందరూ వసారాలో చేరారు. బొబ్బిలి గుమాస్తా కూడా అప్పుడే దిగి, అమ్మగారికి దండం పెట్టి, మొలకల గిన్నెకేసి దిగులుగా చూస్తూ కూర్చున్నాడు.

"రాత్రి ఎలా గడిచింది నాయనా?" అని అడిగారు మాణిక్యాంబగారు.

వేదాద్రి తల ఎత్తాడు. వసారాలోంచి చూస్తే లోయ అంచున గది, మూసిన కిటికీ, సందులోంచి వేలాడుతున్న పైపంచె కొంగు నిక్షేపంలా కనిపిస్తున్నాయి. అతని చూపు ఎటు వెళ్ళిందో పోలినాయుడు కనిపెట్టాడు. ఆయన బెల్లం మనిషి, ఎదటివాడు ఇరుక్కుంటే చూడలేడు.

"రాత్రి గాలికి కిటికీ మూసుకుపోయినట్టుంది లెండి" అన్నాడు, గుమాస్తాకి వినపడేలా. "ఆ గుడ్డ కూడా గాలికే ఎగిరొచ్చి ఇరుక్కుపోయుంటాది."

ఊ అంటే చాలు, బొబ్బిలి బంగళా తనది. గుమాస్తా నమ్మేశాడు కూడా. అమ్మగారు మొలకలు నములుతున్నారు. ఆ వరండా ఇంకా వేదాద్రి కళ్ళ ముందే ఉంది. అందులో బారులు తీరిన రోగులు మాత్రం ఈసారి గడగడ వణుకుతూ కనిపించారు.

"గాలి కాదు నాయుడుగారూ. మూసింది నేను. పంచె కుక్కిందీ నేనే. ఇన్నాళ్ళూ నేను పడుకున్నది పొయ్యి పక్కన. చలంటే ఏమిటో నాకు నిన్న రాత్రే తెలిసింది" అన్నాడు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "ఆ గది మీరే ఉంచేసుకోండి. నేను మీ గదిలోనే పడుకుంటాను. కిటికీ ఎంత తెరిస్తే ఓర్చుకోగలనో, ఎన్ని రగ్గులు కావాలో చూసుకుని, ఆ తర్వాత మిగతావాళ్ళ కిటికీల సంగతి మాట్లాడతాను."

మూలనున్న పక్షవాతం ముసలమ్మ కిసుక్కున నవ్వింది. అది అంటుకుని వసారా అంతా నవ్వింది. పోలినాయుడైతే కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఇక వేదాద్రికి కూడా నవ్వక తప్పింది కాదు, నవ్వితే ఒంట్లోకి కాస్త వేడి కూడా వచ్చింది.

గుమాస్తాకే ఏం చేయాలో తోచలేదు. "మరైతే అమ్మగారూ, మా షావుకారుగారికి ఏమని చెప్పమంటారు?" అన్నాడు.

"నేను తగనని చెప్పండి" అన్నాడు వేదాద్రి.

మాణిక్యాంబగారు చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, శిష్యుడి వైపు తిరిగారు.

"బొబ్బిలి వెళ్ళగానే, ఆ బంగళాలో అన్నిటికంటే వెచ్చటి గది ఏదో ముందు వెతుకు" అన్నారు.

ఎందుకని అడగబోయి, అది తాను పడుకోకూడని గది అని తట్టి, వేదాద్రి ఆగిపోయాడు.

ఆవిడ నవ్వారు. "ఎందుకని అడగలేదు కదూ! అయితే బయలుదేరు."