దాసరి పురుగు కావలి

ఒకప్పుడు దాసరి పురుగులనే ఆ గొంగళిపురుగులకు ఎవరి గొడవా పట్టేది కాదు. ఆముదపు ఆకు తినడం, నడుం ఎత్తెత్తి నడవడం, మళ్లీ తినడం. అంతే వాటి బతుకు.

వాటిలో ఆదెమ్మ అని ఒకటి ఉండేది. ఒకనాడు చిన్న కందిరీగ ఒకటి దాని వీపుమీద వాలి, సూదిలాంటి తోకతో చటుక్కున పొడిచి ఎగిరిపోయింది. "దిక్కుమాలిన దోమలు!" అని తిట్టుకుని ఆదెమ్మ మళ్లీ ఆకు కొరికింది.

కొన్నాళ్లకు కడుపులో ఏదో కదిలింది. పక్క ఆకుమీద రసం పీల్చుకునే చిన్న పురుగు, పేనుబంక ఒకటి, అది చూసి, "వదినా, నువ్వు నీళ్లోసుకున్నావే!" అంది.

రెక్కలు రాకముందే దాసరి పురుగు తల్లెలా అవుతుంది? కానీ పేనుబంకలు పుట్టిన వారానికే పిల్లల్ని కంటాయి. లోకమంతా తమలాగే అనుకుంటాయి. పాపం, ఆదెమ్మా నమ్మేసింది. పేనుబంకలన్నీ చేరి, పాటలు పాడి, లేత చిగుళ్లు తినిపించి సీమంతం చేశాయి. ఆదెమ్మ మురిసిపోయింది.

ఒక ఉదయం దాని ఒళ్లు చీల్చుకుని తెల్లని పిల్లలు బయటికొచ్చాయి. తల్లి కిందే పట్టుదారంతో గూళ్లు అల్లుకుని పడుకున్నాయి. నొప్పితో వణుకుతూనే ఆదెమ్మ వాటిని లెక్కపెట్టుకుంది.

ఆ తోటలో ఏది పుట్టినా జాతి చూసి పేరు పెట్టేది ముసలి పెంకుపురుగు పెంకయ్య. నాలుగైదు రోజులకు ఆయన వచ్చేసరికి ఒక గూడు మూత తెరుచుకుని ఓ పిల్ల బయటికొచ్చింది. పెంకయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నాలుగు రెక్కలు. దారంలాంటి నడుం. రెక్కమీది గీతలు రెండుసార్లు చూశాడు.

"అమ్మా ఆదెమ్మా, ఇవి కందిరీగలు. ఎవరో నీలో గుడ్లు పెట్టిపోయారు. నీ ఒంటినే తిని పెరిగాయి."

"నా కడుపునే గదయ్యా పెరిగింది! నా పిల్లలనే చెప్పు."

"లేనిది ఎట్లా చెప్పేదమ్మా? పోనీ, నువ్వు పోయి ఇంత ఆకు తిను. నాలుగు రోజులైనా బతుకుతావు."

అంతలో చీమల బారు ఒకటి గూళ్లకేసి వచ్చింది. ఆదెమ్మ ఆకువైపు చూసింది, గూళ్లవైపు చూసింది.

"నేను పోతే వీటికి దిక్కెవరు?" అంది. తల అటూ ఇటూ విసిరి చీమల్ని తరిమికొట్టింది.

అలా మూడు రోజులు. ఒక్కో గూడూ తెరుచుకుంది, ఒక్కో కందిరీగా ఎగిరిపోయింది. ఒక్కటీ వెనక్కి తిరిగి చూడలేదు. ఆఖరిది ఎగిరేటప్పటికి ఆదెమ్మ ప్రాణం పోయి ఉంది.

పేనుబంక భోరుమంది. పెంకయ్య ఆదెమ్మ దగ్గరికి వెళ్లి, "నీ పిల్లలేనమ్మా" అన్నాడు మెల్లగా. వినడానికి ఎవరూ లేరు. ఆ ఒక్క మాటా మొన్ననే అంటే తన సొమ్మేం పోయేదని కుమిలిపోయాడు.

అప్పటినుంచే, కందిరీగ పిల్లలు వెలువడిన దాసరి పురుగు మళ్లీ ఆకు ముట్టదు. ఊపిరున్నంతసేపూ ఆ తెల్లని గూళ్ల మీదే ఉంటుంది.