ముందు మంచిది

అనగనగా అనగానే మీరు "ఒక రాజు" అంటారు. ఈ కథ రాజుది కాదు. అనగనగా ఒక చెప్పులు కుట్టే ఆడమనిషి. పేరు సుంకులు. ఊఁ కొట్టండి, చెబుతా.

తోలు తడిమి తడిమి సుంకులు బొటనవేలికి కళ్లొచ్చాయి. ఎవరికి కాలు బెణికినా, భుజం పట్టినా ఆమె గుడిసెకే వచ్చేవారు. వచ్చినవాళ్లతో ఆమె అనే మాట ఒకటే.

"ముందు మంచిది చూపు. తర్వాత చెడ్డది చూపు."

మంచిది తడిమితేనే కదా చెడ్డదానిలో తేడా తెలిసేది!

మొదట దొర పల్లకీ మోసే ఓబులేసు వచ్చాడు. భుజం లేవడం లేదు. సుంకులు మంచి భుజం తడిమింది, చెడ్డ భుజం తడిమింది. "నువ్వు ఎత్తు" అంది. "అమ్మా!" అన్నాడు. "వదులుగా పెట్టు, నేను ఎత్తుతా" అంది. నొప్పి లేదు. "కీలు బాగుంది. కండకే దెబ్బ. కొన్నాళ్లు పల్లకీ ముట్టుకోకు" అంది. వాడికి నయమైంది.

తర్వాత కుండలు చేసే నాగులు వచ్చింది. చీలమండ వాచింది. తను కదిపినా నొప్పే, సుంకులు కదిపినా నొప్పే. "కీలు పట్టు సడలింది" అని కట్టు కట్టింది. ఆమెకూ నయమైంది.

మూడోసారి దొర గుర్రం మీంచి పడ్డాడు. ఎడమ మోకాలు కుండలా వాచింది. సుంకులును పిలిపించారు.

"దెబ్బ తగిలిన కాలొక్కటే ముట్టుకో" అన్నాడు దివాను. "దానికి తర్వాత శుద్ధి చేయించుకుంటాం. బాగున్న కాలిని మైలపరిచావో, చూసుకో!"

విన్నారా? నొప్పి ఉన్నంత మేరకు అంటు లేదట!

"దొరా, ముందు మంచిది పట్టనియ్యండి" అంది సుంకులు. "ఊరికే ఊహించి చెబితే తమ కాలే పోతుంది."

ఏదో ఒకటి చెప్పేసి రావచ్చు కదా? నేనైతే అదే చేసేవాణ్ణి. ఆమెకు అది చేతకాలేదు. దొర కుడికాలి మీద చేయి వేసింది.

దివాను కర్ర ఆమె కుడి మణికట్టు మీద మూడుసార్లు పడింది. ఓబులేసు పల్లకీ పక్కనే ఉన్నాడు. ఆమె బాగుచేసిన భుజం కదల్లేదు.

ఇంకెవడో వచ్చి, విరగని కాలికి విరిగిందని బద్దలు కట్టాడు. మోకాలు బిగుసుకుపోయి దొర చచ్చేదాకా కాలీడ్చాడు. దానికి నాకేం ఏడుపు లేదు.

సుంకులు బొటనవేలికి స్పర్శ పోయింది. ఎడమచేత్తో చెడ్డచేయి తడుముకుంది. కానీ ముందు మంచిది తడమాలి కదా. దాన్ని తడమడానికి ఇంకో చేయి ఏదీ?

వెళ్లి ఓబులేసు ఇంటి తలుపు తట్టింది. "నా మంచిచేయి పట్టుకో నాయనా. తర్వాత చెడ్డచేయి పట్టుకో. ఎక్కడ తేడా ఉందో చెప్పు, మిగతాది నేను చూసుకుంటా."

"దొరకు తెలిస్తే నన్ను బతకనివ్వడత్తా" అని తలుపేశాడు.

అక్కణ్ణుంచి వెళ్లి నాగులు ఇంటి తలుపు తట్టింది. "పిల్లలుగలదాన్నక్కా" అని తలుపేసింది.

మూడో తలుపు అసలు తెరుచుకోలేదు.

చేయి ఎండిపోయింది. సూది పట్టలేని మనిషికి గంజి ఎవరు పోస్తారు? చలికాలం దాటకుండానే పోయింది.

మరుసటి ఏడు ఓబులేసు కూతురు జారిపడింది. వాడి చేయి తనంతట తానే పిల్ల మంచికాలి మీదకు పోయింది. బావురుమన్నాడు. చచ్చినవాళ్ల కోసం ఏడవడానికి ధైర్యం అక్కర్లేదు కదా.

ఇప్పటికీ ఆ పల్లెల్లో ఎవరికి ఏది బెణికినా ముందు మంచివైపు పట్టుకుంటారు. పట్టుకుని "పట్టుకున్నాం సుంకులత్తా" అంటారు. ఒక్కో తలుపుకు ఒకసారి చొప్పున మూడుసార్లు అంటారు.

ఆ రోజు ఒక్కరు అని ఉంటే సరిపోయేది.