కోళ్ల గూటి మీది నంబరు పలక

నేను ఇంతకు ముందెప్పుడూ ఏమీ రాయలేదు. ఐదో తరగతితోనే నా చదువు ఆగిపోయింది. ఆ తర్వాత నా చేతిరాత అంటే గ్యాస్ బండ వచ్చినప్పుడు పెట్టే సంతకం, ఆవకాయ జాడీల మీద అంటించే చీటీలు, అంతే. నలుగురిలో నోరు తెరవాలంటేనే నాకు నాలుక ఎండిపోతుంది. కానీ మా ఇంట్లో జరిగిన ఈ సంగతి పిల్లలకు చెబుతూ ఉంటే మా తోటికోడలు వరహాలు విని, "నోటితో చెబితే రేపటికి మర్చిపోతారక్కా, రాసిపెట్టు" అంది. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసే మా మరిది నూకరాజు మంచివాడే గాని, అతనికి తొమ్మిది అంకె పిచ్చి మహా గట్టిగా ఉండేది. ఫోను నంబరు కూడితే తొమ్మిది రావాలనేవాడు. కాయల లోడు బయల్దేరే తేదీ కూడినా తొమ్మిదే రావాలనేవాడు. బస్సెక్కితే టిక్కెట్టు మీది అంకెలు కూడుకుంటూ కూర్చునేవాడు. కుదరకపోతే ఆ రోజంతా మొహం వేలాడేసుకుని తిరిగేవాడు.

మా అత్తగారు లచ్చాయమ్మ అతన్ని ఆటపట్టించేది.

"ఒరే నూకా, నిన్ను కన్నది పద్నాలుగో తారీఖునరా. ఇప్పుడేం చేద్దాం?"

"ఇంకో నాలుగు రోజులు మోయకపోయావా అమ్మా! పద్దెనిమిది అయ్యేది."

"నువ్వు మొయ్యి, తెలుస్తుంది" అనేది ఆవిడ. ఇల్లంతా నవ్వుకునేవాళ్లం.

నూకరాజు కారు కొన్నాడు. తెల్లటి కారు. దానికి నాలుగు తొమ్మిదుల నంబరే కావాలని వేలంలో పాట పాడాడు. ఎంతకు పాడాడో పెళ్లాం వరహాలుక్కూడా చెప్పలేదు. నంబరు దక్కిన రోజు వీధంతా లడ్డూలు పంచాడు. తీరా నంబరు పలక బిగించి తెచ్చాక, దాని ముందు నిలబడి పెదవి విరిచాడు.

"చూడు వదినా! ముందున్న ఇంగ్లీషు అక్షరాలు, నా తొమ్మిదులు, అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. నేను పాట పాడింది అక్షరాల కోసమా?"

"అందరి బళ్లకీ అలాగే ఉంటాయి కదయ్యా" అన్నాను.

"అందరిలా ఉంటే మరి మనం ఎందుకు?"

మర్నాడే ఆ పలకలు ఊడబీకించేశాడు. నల్లటి పలకల మీద బంగారు రంగు తొమ్మిదులు వేయించాడు. ఒక్కో తొమ్మిదీ అరచెయ్యంత ఉంది. ముందుండాల్సిన అక్షరాలు ఒక మూలన చీమల బారులాగా ఉన్నాయి. ముక్కు ఆనించి చూస్తే తప్ప కనబడవు. స్టిక్కర్ల కొట్టతను, "పోలీసోళ్లు ఆపుతారేమోనండీ" అన్నాడట. "ఆపితే అప్పుడు చూద్దాంలే, నువ్వు కానీ" అన్నాడట మా మరిది.

అప్పట్నుంచి ఊళ్లో అది నూకరాజు కారు కాదు, తొమ్మిదుల కారు. చిన్నపిల్లలు వెనకాల పరిగెత్తేవాళ్లు. అతని మొహం వెలిగిపోయేది. ఆ సంబరం చూస్తే నాక్కూడా ముచ్చటేసేది. అందుకే ఎవరం ఏమీ అనలేదు.

తీసేసిన పాత పలకల్లో ఒకటి పెరట్లో పడి ఉంది. మా కోళ్ల గూటి పైరేకు తుప్పు పట్టి చిల్లు పడింది. ఆ పలక తెచ్చి చిల్లు మీద కప్పి, కదలకుండా ఇటుక పెట్టాను. సరిగ్గా సరిపోయింది.

వేసవి మధ్యలో మా అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది. మళ్లీ చూపించడానికి నూకరాజు ఆవిడని కారులో రాజమండ్రి తీసుకెళ్లాడు. తోడు నేను వెళ్లాను. తిరిగొస్తుంటే మిట్టమధ్యాహ్నమైంది. ఎండ నిప్పులు కక్కుతోంది. ఆవిడ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, దుప్పటి కప్పుకుని వెనక సీట్లో పడుకుని నిద్రపోయింది.

హైవే పక్కన ఒక టీ దుకాణం దగ్గర నూకరాజు కారు ఆపాడు. నేను మంచినీళ్ల సీసా నింపుకురావడానికి దిగాను. అతను టీ తాగడానికి దిగాడు. అమ్మకి ఉక్కపోస్తుందని ఏసీ వేసే ఉంచి, తాళంచెవి బండికే వదిలేశాడు. అతని ఫోను, బండి కాగితాలు కూడా లోపలే ఉన్నాయి.

నేను సీసా మూత బిగిస్తున్నాను. కారు కదిలిన చప్పుడైంది. తలెత్తి చూస్తే నూకరాజు టీ గ్లాసు పట్టుకుని ఇక్కడే నిలబడి ఉన్నాడు. కారు అక్కడ లేదు!

"అమ్మా!" అని ఒక్క కేక పెట్టి రోడ్డు మీదికి పరిగెత్తాడు. లారీలు అడ్డొచ్చాయి. అవి తప్పుకునేసరికి కారు ఎటు మళ్లిందో కూడా తెలియలేదు.

టీ దుకాణం అతను ఫోన్ చేస్తే పోలీసు జీపు తొందరగానే వచ్చింది. కారులో ఉన్న నూకరాజు ఫోనుకి చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. ఎస్సై గారు వయసులో చిన్నవాడే గాని నెమ్మదస్తుడు.

"నంబరు చెప్పండి."

"నాలుగు తొమ్మిదులండీ!"

"సరే. ముందు అక్షరాలు?"

నూకరాజు నోరు తెరిచాడు.

"ఏపీ... ఏపీ అండీ."

"అది అందరికీ ఉంటుంది నాయనా. దాని తర్వాత?"

నూకరాజు నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. అంత ఇష్టపడి పాడుకున్న నంబరులో సగం అతనికే తెలియదు! తొమ్మిదులు తప్ప మిగతాది ఎప్పుడైనా చూస్తే కదా!

"అక్షరాలు మారినప్పుడల్లా ఒక నాలుగు తొమ్మిదుల బండి వస్తుందండీ. ఈ దారిలోనే ఎన్ని తిరుగుతుంటాయో. అందులో మీది ఏదని పట్టుకోమంటారు?" అన్నాడు ఎస్సై గారు. "మీ పేరుతో వెతికించాలంటే ఆలస్యమవుతుంది. బండిలో పెద్దావిడ ఉంది."

నల్ల పలక సంగతి చెప్పాలని ఆ కంగారులో మాకు తట్టలేదు. ఉన్నంతలో ఆయన వైర్‌లెస్‌లో చెప్పాడు. కాసేపటికి రాజమండ్రి వైపు నాలుగు తొమ్మిదుల తెల్ల కారు దొరికిందని కబురొచ్చింది. నూకరాజు ఆకాశానికి దణ్ణం పెట్టాడు. జీపెక్కబోతుంటే మళ్లీ వైర్‌లెస్ పలికింది.

"సార్, ఇది పెళ్లివారి కారండి. లోపల పెళ్లికొడుకు ఉన్నాడు. ముసలావిడ ఎవరూ లేరండి. ముహూర్తం దాటిపోతోందని తిడుతున్నారండి."

నూకరాజు ఆ మట్టిలోనే కూలబడిపోయాడు. "అమ్మకి కళ్లు కూడా సరిగా ఆనవు వదినా" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చుట్టూ జనం మూగారు. తలా ఒక మాట అంటున్నారు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. చెబుదామంటే అంతమంది మగవాళ్లు, పైగా పోలీసులు. కొంగు నోటికడ్డం పెట్టుకున్నాను. అంతలో ఆ దుప్పటిలో ముడుచుకుని పడుకున్న మా అత్తగారు కళ్లముందు మెదిలింది.

"కోళ్ల గూటి మీదుంది బాబూ" అన్నాను.

"ఏంటమ్మా?"

"నంబరు. మొత్తం నంబరు. మా కోళ్ల గూటి మీదుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎస్సై గారు నవ్వలేదు. తన ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. వరహాలు ఎత్తింది.

"వరాలూ, పెరట్లోకి పరిగెత్తవే. గూటి మీద పలకుంది చూడు, ఇటుక కింద. దాని మీదున్నది చదువు."

"ఇప్పుడెందుకక్కా? దాని మీద పెట్ట కూర్చుందిగా."

"తోలెయ్యవే!"

"పొడుస్తోందక్కా! ఆ... ఎగిరింది. అయ్యో, అంతా రెట్టే. ఏం కనబడటం లేదు."

"నీ కొంగుతో తుడు. అత్తయ్య ప్రాణం మీదికొచ్చిందే!"

ఆ మాటతో దాని గొంతు మారిపోయింది. తుడిచి, ఒక్కొక్క అక్షరమే గట్టిగా చదివింది. ఎస్సై గారు రాసుకున్నాడు.

టోల్ గేటు కోసం కారు అద్దానికి అంటించే స్టిక్కరు ఉంటుంది కదా, అది పూర్తి నంబరు మీదే ఉంటుందట. నంబరు చెప్పగానే గేటు వాళ్లు చూసి చెప్పారు. కారు తణుకు వైపు గేటు దాటింది. ఆ తర్వాతి గేటు దాటలేదు. అంటే ఈ రెంటి మధ్యే ఎక్కడో ఉంది. మేమందరం అప్పటిదాకా రాజమండ్రి వైపు చూస్తున్నాం!

మూతపడిన ఒక ధాన్యం మిల్లు వెనకాల కారు కనిపించింది. ఇంజను ఆపేసి ఉంది. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. ఎండ సూటిగా దాని మీదే పడుతోంది. పిల్లలు తీసెయ్యకుండా వెనక తలుపులు లోపల్నుంచి తెరుచుకోకుండా ఎప్పుడో పెట్టి ఉంచాం, అది ఇప్పుడు ఆవిడకి అడ్డమైంది. నూకరాజు రాయి తీసుకుని అద్దం బద్దలుకొట్టాడు. చెయ్యి కోసుకుపోతున్నా చూసుకోలేదు. మా అత్తగారు చెమటలో ముద్దయిపోయి, తల వాల్చేసి ఉంది. పెదాలు తెల్లబడ్డాయి. తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచాం. జీపులోనే ఆస్పత్రికి తీసుకెళ్లాం.

"ఇంకాస్త ఆలస్యమైతే నా చేతుల్లో ఉండేది కాదు" అన్నాడు డాక్టరు గారు.

సాయంత్రానికి ఆవిడ కళ్లు తెరిచింది. కొబ్బరినీళ్లు గుటకేసి, జరిగింది చెప్పింది.

"మెలకువొచ్చి, ఒరే నూకా, కాసిని మంచినీళ్లియ్యరా అన్నాను. ముందున్నవాడు దెయ్యాన్ని చూసినట్టు కెవ్వుమన్నాడు. ఆ మిల్లు వెనక్కి పోనిచ్చి, తాళం వేసి ఒకటే పరుగు. నా గొంతు అంత భయంగా ఉంటుందంటావా?"

నూకరాజు ఆవిడ పాదాలు పట్టుకుని తల ఎత్తలేదు. ఆవిడ అతని జుట్టు నిమిరింది.

"ఊరుకో. పోనీలే. కానీ ఒరే, చాలాసేపు తలుపు బాదానురా. నీ తొమ్మిదుల్లో ఒక్కటీ వచ్చి తలుపు తియ్యలేదు."

ఆవిడ నవ్వించాలనే అంది. మేం నవ్వలేకపోయాం.

మర్నాడు పొద్దున్నే లేచి పెరట్లోకి వెళ్లాను. గూటి మీది పలక తీసి, సబ్బు నురగ పెట్టి, కొబ్బరిపీచుతో తోమాను. తోముతుంటే ఒక్కొక్క అక్షరమే తెల్లగా బయటపడింది. తుడిచి, పసుపుబొట్టు పెట్టబోయి, బొట్టు అక్షరం మీద పడుతుందని మానేశాను. అరుగు మీద కూర్చున్న నూకరాజు చేతికిచ్చాను. అతను తీసుకున్నాడు. లోపలికి వెళ్లి రెండోది కూడా వెతికి తెచ్చాడు. వాటిని పద్ధతి ప్రకారం మళ్లీ బిగించాలంటే ఎవరిని అడగాలో కనుక్కోవడానికి బయల్దేరాడు. పోతూ పోతూ ఆ నల్ల పలకల్లో ఒకటి ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది గూటికి సరిపోతుందేమో చూడు వదినా."

సరిపోయింది. ఇటుక పెట్టాను. పెట్ట ఎగిరొచ్చి, ఆ బంగారు తొమ్మిదుల మీద రెక్కలు విదిల్చుకుని కూర్చుంది.

పిల్లలూ, అందంగా కనబడాలనుకోవడం తప్పు కాదు గాని, పదిమందికీ గొప్పగా కనబడటం కోసం మన ఆనవాలునే దాచేసుకుంటే, ఆపద వచ్చిన రోజున మనల్ని కాపాడదామనుకున్న వాళ్లకు కూడా మనం దొరకం.