మోగని కాపలా

అనగనగా ఒక అడవిలో జంతువులన్నిటికీ ఫోన్లు ఉండేవి. నవ్వకండి. మీ చేతుల్లో ఉంటే లేని వింత, దుప్పి మెడలో ఉంటే వచ్చిందా? ముందు ఆ ఫోన్ బోర్లా పెట్టి ఇటు జరగండి. ఇది నవ్వుకునే కథ కాదు, ఇప్పుడే చెబుతున్నాను. మధ్యలో ఏడుపొస్తే నన్ననొద్దు.

ఆ అడవిలో దుప్పులకీ కొండముచ్చులకీ తాతల నాటి నుంచి ఒక ఒప్పందం ఉంది. కొండముచ్చు చెట్టు చివరి కొమ్మన కూర్చుని చుట్టూ చూస్తుంది. పులి కనబడగానే "ఖర్ర్! ఖర్ర్!" అని కూత పెడుతుంది. కింద మేస్తున్న దుప్పులు పరుగందుకుంటాయి. కొండముచ్చులు నేల మీదికి దిగినప్పుడేమో దుప్పులు వాసన పట్టి వాటికి చెబుతాయి. అలా ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టుకుని బతికేవారు.

ఆ ఒప్పందంలో ఒక కట్టుబాటు ఉంది. పులి లేనిదే కూత పెట్టకూడదు. ఆటకి కూసినా, పొరపాటున కూసినా ఆ కొండముచ్చు చెట్టు దిగాల్సిందే. మళ్లీ కాపలా కొమ్మ ఎక్కనివ్వరు. కట్టుబాటు మంచిదే. ఉత్తుత్తి కూతలు కూస్తూ పోతే అసలు కూతని ఎవరు నమ్ముతారు?

ఫోన్లు వచ్చాక కాపలా పని తేలికైపోయింది. అందరూ 'కాపలా' అనే యాప్ పెట్టుకున్నారు. కొండముచ్చు తన ఫోన్‌లో ఎర్ర బొమ్మ నొక్కితే చాలు, అడవిలో ప్రతి ఫోనూ గణగణ మోగుతుంది. అప్పట్లో కాపలా కాసేది దండయ్య అనే కొండముచ్చు. "హమ్మయ్య, గొంతు చించుకునే బాధ తప్పింది" అనుకుని అతను కూత పెట్టడమే మానేశాడు.

సింగారి అనే దుప్పికి ఆ యేడు ఒక కూతురు పుట్టింది. దాని పేరు గవ్వ. ఒంటి మీద తెల్ల చుక్కలు గవ్వలు ఆరబోసినట్టు ఉండేవని ఆ పేరు పెట్టుకుంది. పిల్లకి కాళ్లు ఇంకా బలపడలేదు. వాగు దాకా నడిస్తే అలిసిపోయేది. అందుకని సింగారి నీళ్లకి వెళ్లేటప్పుడు గవ్వని గుబురు గడ్డిలో పడుకోబెట్టి, తన ఫోన్ తీసి దాని మెడలో వేసేది.

"మోగితే లేచి నా వైపు పరిగెత్తు. మోగకపోతే అస్సలు కదలకు. కదిలావంటే కనబడిపోతావు. తెలిసిందా తల్లీ?" అనేది.

"తెలిసిందమ్మా. మోగితే పరుగు. మోగకపోతే గప్‌చుప్" అనేది గవ్వ.

ఒకసారి నిజంగానే మోగింది. గవ్వ పడుతూ లేస్తూ పరిగెత్తి మంద మధ్యలో దూరింది. పులికి వట్టి గడ్డే మిగిలింది. ఆ సాయంత్రం సింగారి దండయ్య చెట్టు కిందికి వెళ్లి, "అన్నా, నా బిడ్డని నిలబెట్టావు. నీ రుణం ఈ జన్మకి తీరదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. దండయ్యకి ఆ మాట ఎంత నచ్చిందో! ఆ రోజు నుంచి కొమ్మ మీద ఛాతీ విరుచుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

అంతా బాగానే ఉంది. ఎండలు ముదిరే వేళకి ఫోన్లకి అప్‌డేట్ వచ్చింది.

తెల్లారి లేచి చూస్తే ఫోన్లలో బొమ్మలన్నీ గుండ్రంగా మారిపోయాయి. రంగులు కొత్తవి, అక్షరాలు కొత్తవి. "అబ్బ, ఎంత బాగుందో!" అని ఒకరికొకరు చూపించుకుని మురిసిపోయారు. పొద్దెక్కేసరికి అందరూ రాళ్లగుట్ట కింద ఉండే కోటప్ప బొరియ ముందు వరస కట్టారు. కోటప్ప అంటే ముళ్లపంది. ఫోన్లు బాగుచేస్తాడు. నోరు మాత్రం వాడి ముళ్లకేం తీసిపోదు.

ముందు కుందేలు వచ్చింది. "మావయ్యా, ఫోన్ పెనంలా కాలిపోతోంది. ఛార్జింగ్ ఇట్టే అయిపోతోంది."

"కొత్తది వచ్చాక లోపల సర్దుకోవడానికి టైం పడుతుంది. స్విచ్ ఆఫ్ చేసి మళ్లీ వెయ్యి. ఎండలో పడెయ్యకు. పో" అన్నాడు కోటప్ప.

తర్వాత అడవిపంది వచ్చింది. "ఎంత నొక్కినా కదలడం లేదయ్యా, అలాగే బిగుసుకుపోతోంది."

కోటప్ప ఫోన్ తెరిచి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "బురదలో దొర్లిన ప్రతిసారీ ఫొటో తీసుకున్నావా? ఇంక చోటెక్కడిది? సగం తీసెయ్, అదే కదులుతుంది."

ఆఖరున నక్క వచ్చింది. "బావా, మా ఆవిడ పిలిస్తే ఫోన్ మోగడం లేదు. చేతిలోకి తీసుకుని తెరిస్తే, అప్పుడు పాతవన్నీ కలిపి మోగుతున్నాయి. ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వడం లేదు."

వరసలో ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. కోటప్ప నవ్వలేదు. వాడి ముళ్లు మెల్లగా నిక్కపొడుచుకున్నాయి. "దండయ్యని పిలవండి, త్వరగా" అన్నాడు.

దండయ్య వచ్చాడు. కోటప్ప విషయం చెప్పాడు. "ఈ అప్‌డేట్ ఛార్జింగ్ మిగల్చడానికి, రోజూ తెరవని యాప్‌లని నిద్రపుచ్చేస్తోంది. కాపలా యాప్‌ని రోజూ ఎవరు తెరుస్తారు? అది కచ్చితంగా నిద్రపోయే ఉంటుంది. ప్రతి ఫోన్‌లోనూ రెండు పనులు చెయ్యాలి. సెట్టింగుల్లోకి వెళ్లి కాపలాకి మోగే అనుమతి మళ్లీ ఇవ్వాలి. ఆ తర్వాత బ్యాటరీ అని ఉన్నచోటికి వెళ్లి, కాపలాని నిద్రపుచ్చొద్దని చెప్పాలి. రెండూ చెయ్యాలి, గుర్తుపెట్టుకో."

"అంతేనా?" అన్నాడు దండయ్య.

"అంతే కాదు. అయ్యాక నువ్వొకసారి ఎర్ర బొమ్మ నొక్కు. అందరి ఫోన్లూ మోగాయో లేదో ఒక్కొక్కరినీ అడుగు."

దండయ్య మొహం మాడింది. "పులి లేకుండా నొక్కాలా? కట్టుబాటు తెలీదా నీకు?"

"ఫలానా పొద్దున ఉత్తినే నొక్కుతున్నానని ముందే అందరికీ చెప్పు. అప్పుడది తప్పుడు కూత ఎందుకవుతుంది?"

"అంటే నా కాపలా మీద నాకే నమ్మకం లేదని చాటింపు వేసుకోమంటావు. బాగుంది" అని దండయ్య విసవిసా వెళ్లిపోయాడు.

చెట్టెక్కి దుప్పుల మందని పిలిచాడు. అనుమతి సంగతి చెప్పాడు. బ్యాటరీ సంగతి చెప్పలేదు. కావాలని కాదర్రా, కోపంలో వింటే సగమే బుర్రకెక్కుతుంది. మీకు తెలీదా, నేను తిట్టేటప్పుడు మీరు వినేదెంతో! దుప్పులన్నీ ముక్కుతో ఫోన్ పొడుచుకుంటూ అతను చెప్పిందల్లా చేశాయి. సింగారి కూడా చేసింది. కానీ ఆమెకి మనసు కుదుటపడలేదు. మంద వెళ్లిపోయాక చెట్టు కిందే నిలబడింది.

"అన్నా, నేను సరిగ్గా చేశానో లేదో భయంగా ఉంది. ఒక్కసారి నొక్కి చూడవూ? నా పిల్ల దీని మీదే ఆధారపడి పడుకుంటుంది."

ఇదిగో, ఇక్కడ దండయ్య ఒక్క మాట అనాల్సింది. 'ఇంకా చూడలేదమ్మా' అనాల్సింది. అలా అంటే సింగారి గవ్వని వదిలి వెళ్లేది కాదు. కానీ తన బిడ్డని నిలబెట్టావని ఏడ్చిన చెల్లెలి ముందు ఆ మాట అనడానికి అతనికి నామోషీగా తోచింది.

"చూశాను చెల్లెమ్మా. నా ఫోన్‌లోంచే, చప్పుడు కాకుండా. అన్నీ మోగుతాయి. నేనుండగా నీకెందుకు బెంగ? వెళ్లిరా" అన్నాడు.

సింగారి నమ్మింది. ఎందుకు నమ్మదు? చెప్పింది దండయ్య.

మర్నాడు ఎండ మండిపోతోంది. మంద వాగుకి బయల్దేరింది. సింగారి గవ్వని గడ్డిలో పడుకోబెట్టి, ఫోన్ మెడలో వేసి, నుదురు నాకింది.

"మోగితే?"

"పరుగు."

"మోగకపోతే?"

"గప్‌చుప్."

సింగారి వెళ్లింది. కాసేపటికి దండయ్యకి కొమ్మ మీంచి ఎండుగడ్డి కదలడం కనబడింది. గాలి లేదు. కళ్లు చికిలించి చూశాడు. చారలు కనబడ్డాయి. పులి గవ్వ పడుకున్న గుబురు వైపే వస్తోంది.

దండయ్య చప్పున ఎర్ర బొమ్మ నొక్కాడు. పచ్చ టిక్కు పడింది. 'పంపబడింది' అని వచ్చింది. గుబురులో ఏమీ కదల్లేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ పచ్చ టిక్కు. ఇంకోసారి నొక్కాడు. టిక్కు పడింది గానీ అడవిలో ఎక్కడా ఒక్క ఫోనూ మోగలేదు.

అప్పుడు గొంతు గుర్తొచ్చింది. నోరు తెరిచి కూత పెట్టాడు. ఎన్నాళ్లుగానో వాడని గొంతు కదా, "ఖ్… ఖ్…" అని గాలి తప్ప ఏమీ రాలేదు. వాగు దగ్గర ఒక దుప్పి తలెత్తి, "ఎవరో దగ్గుతున్నట్టున్నారే" అని మళ్లీ నీళ్లలో మూతి పెట్టింది.

గడ్డిలో గవ్వకి అడుగుల చప్పుడు వినబడింది. వినబడకుండా ఎలా ఉంటుంది, దుప్పి పిల్ల కదా. వాసన కూడా తగిలింది. లేచి పారిపోదామనిపించింది. మెడలో ఫోన్ వైపు చూసింది. అది మోగలేదు. అమ్మ మోగితేనే లేవమంది. గవ్వ అమ్మ మాట విని, కళ్లు మూసుకుని, కదలకుండా పడుకుంది.

నేను అంతకంటే చెప్పను. మీకు తెలుసు.

దండయ్య గొంతులోంచి చివరికి కూత వచ్చింది. అడవంతా దద్దరిల్లేలా వచ్చింది. బిడ్డ కోసం ఉరికిన సింగారి వెనకే మంద పరుగున వచ్చేసరికి పులి వెళ్లిపోయింది. నలిగిన గడ్డి ఉంది. గడ్డిలో ఫోన్ ఉంది.

సింగారి దాన్ని ముక్కుతో తాకింది. ఫోన్ తెరుచుకుంది. తెరుచుకోగానే గణగణ మోగడం మొదలుపెట్టింది. 'పులి వస్తోంది.' ఆగింది. మళ్లీ మోగింది. 'పులి వస్తోంది.' ఇంకోసారి కూడా మోగింది. అందరూ వింటూ నిలబడ్డారు. ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు.

కోటప్ప వచ్చి ఫోన్ చూశాడు. "రెండో పని చెయ్యలేదు" అన్నాడు. ఆ రోజు వాడి నోట ఒక్క తిట్టు కూడా రాలేదు. అక్కడే కూర్చుని మందలో ఉన్న ఫోన్లన్నీ సరిచేశాడు. నీళ్లు తాగినంత సేపట్లో అయిపోయింది.

దండయ్య చెట్టు దిగి, సింగారి ముందు నేల మీద కూలబడ్డాడు. "నేను తప్పుడు కూత పెట్టకూడదనుకున్నాను చెల్లెమ్మా. కట్టుబాటు…" అని ఏదో అనబోయాడు.

సింగారి అతని వైపు చూసింది. "పులి లేకుండా నొక్కితే తప్పుడు కూత అన్నావు కదన్నా. మరి చూడకుండా చూశానన్నావే, అదేం కూత?"

దండయ్య తల నేలకేసి కొట్టుకుని ఏడ్చాడు.

"వీణ్ణి మళ్లీ కొమ్మ ఎక్కనివ్వద్దు!" అని మంద అరిచింది.

"ఎక్కనివ్వండి" అంది సింగారి. "అక్కణ్ణించి ఈ గడ్డి బాగా కనబడుతుంది. రోజూ చూస్తాడు."

ఆ రోజు నుంచి అడవిలో కట్టుబాటు మారింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే, మేతకి కదలకముందే, దండయ్య "ఉత్తినే నొక్కుతున్నాను" అని చెప్పి ఎర్ర బొమ్మ నొక్కుతాడు. గొంతుతో ఒక కూత కూడా పెడతాడు. దుప్పులు ఒక్కొక్కటే "మోగింది" అని పలుకుతాయి. అందరూ పలికేదాకా అతను కొమ్మ మీద కూర్చోడు, నిలబడే ఉంటాడు.

సింగారి కూడా "మోగింది" అంటుంది. అని, ఆ గుబురు గడ్డి వైపు తిరిగి కాసేపు నిలబడుతుంది. మోగితే పరిగెత్తుకు రమ్మని చెప్పింది తనే కదా.

నీతి: నీ మాట నమ్మి ప్రాణం నీ చేతిలో పెట్టినవాళ్లకి, చూడకుండా 'చూశాను' అని చెప్పకు. 'ఇంకా చూడలేదు' అనడానికి సిగ్గుపడకు.