సుకిరి తిన్న పిడికెడు సామలు

కొండకి ఇంకా దారి పడని కాలం. పులీ మనిషీ ఒకే గెడ్డలో నీళ్ళు తాగే కాలం. ఆ కాలంలో సుకిరి అని ఒక ముసలిది ఉండేది. మొగుడు లేడు, ఆస్తి లేదు. కాలు మాత్రం ఒకచోట నిలిచేది కాదు. పొద్దున దుంపలు తవ్వేది, మధ్యాహ్నం అడ్డాకులు కోసేది, సాయంత్రం ఊళ్ళోవాళ్ళ మీద అరిచేది.

ఆ కొండమీద ఒక కట్టుబాటు ఉంది. కొత్త పండుగ చేసి కొండదేవతకు పెట్టందే కొత్త పంట ఎవరూ నోట పెట్టకూడదు. పెడితే దేవత పులిని పంపుతుంది. పండుగ ఎప్పుడో చెప్పేవాడు దిసరి. దిసరికి చెప్పేది పిట్ట. కుడివైపు గట్టు మీద పిట్ట మూడుసార్లు కూస్తే, మర్నాడే పండుగ.

ఆ ఏడు వాన పట్టుకుంది, వదల్లేదు. నిరుడు దాచిన చోళ్ళు అయిపోయాయి. మామిడి టెంకల పిండి అయిపోయింది. జీలుగు చెట్టు మానులోంచి తీసే దవ్వ కూడా అయిపోయింది. పోడులో సామలు మాత్రం పండి, వంగి, వానకి రాలిపోతున్నాయి. పిట్ట కూయలేదు. అంత వానలో ఏ పిట్ట కూస్తుంది?

సుకిరి కొడుకు ఉప్పు కోసం సంతకి పోయి, పొంగిన గెడ్డకి అవతలే చిక్కాడు. కోడలు సోమిరి బాలింత. ఉడికించిన ఆకు తిని ఉంటోంది, పాలెక్కడివి? బిడ్డ ఏడుపు మొదటిరోజు ఊరంతా వినపడింది. రెండోరోజు ఇంట్లోకే వినపడింది. మూడోరోజు సుకిరి చెవి ఆనించి వినాల్సి వచ్చింది.

సుకిరి దిసరి ఇంటికి పోయింది.

"మావా, కొత్త ఎప్పుడు?"

"పిట్ట కూయలేదే."

ఇంటికొచ్చింది. కూర్చోలేకపోయింది. మళ్ళీ పోయింది.

"మావా, కొత్త ఎప్పుడు?"

"పిట్ట కూయలేదంటే వినవేం?"

మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది.

"మావా, కొత్త ఎప్పుడు?"

"నువ్వు కూస్తున్నావు చాలదా, ఇంక పిట్టెందుకు?" అన్నాడు దిసరి.

అరుగుమీది మగాళ్ళు నవ్వారు. కడుపు కాలుతున్నా ఇలాంటివాటికి మగాళ్ళకి నవ్వు వస్తుంది.

సుకిరి సరాసరి పోడులోకి పోయింది. సామ కంకులు దూసింది. తిరిగొచ్చి ఊరందరి ముందూ నిలబడి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది, నోట్లో వేసుకుంది. నమిలింది. మింగింది. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

"దేవత కోపానికి ఒక మనిషి కావాలి, అంతే కదా మావా?"

"అంతే," అన్నాడు దిసరి, మాట ఎటు పోతుందో తెలియక.

"ఆ మనిషిని నేను. పోయి పులి దారిలో బండమీద కూర్చుంటాను. దానికింక ఊళ్ళోకి వచ్చే పనిలేదు. సోమిరీ, కుండ పొయ్యి మీద పెట్టు."

"పులి ఏం చేస్తుందో మూడు రోజులు ఆగి చూద్దాం, కుండ తర్వాత," అన్నాడు దిసరి.

"బిడ్డ ఆగదు. నువ్వు ఆగు, నీకు పొట్ట ఉంది."

సోమిరి ఏడుస్తూనే దంచింది, ఏడుస్తూనే జావ కాచింది, ఏడుస్తూనే తాగింది. మర్నాటికి బిడ్డ గుటక వేసింది. అది చూసి ఒక్కో ఇంట్లో రోలు మోగింది. దిసరి ఇంట్లో అందరికంటే ఆఖరున మోగింది. మోగడం మాత్రం మోగింది.

సుకిరి బండమీద ఉంది. ఆవిడకి పులికంటే ఒక్కచోట కూర్చోవడం కష్టం. మొదటిరోజు ఆకులు కుట్టింది. రెండోరోజు బుట్ట అల్లింది. మూడోరోజు చేతికి పనిలేక పులిని తిట్టింది, ఇంకా రానందుకు.

నాలుగో పొద్దున ఊరు భయపడుతూ పోయి చూసింది. బండ చుట్టూ బురదలో పులి అడుగులు. మూడు చుట్లు తిరిగి, అడవిలోకి పోయాయి. బండమీద సుకిరి గురక పెడుతోంది.

లేపారు. దిసరి చేతులు జోడించాడు.

"దేవత నిన్ను క్షమించిందే."

"క్షమించడానికి నేనేం తప్పు చేశాను?" అంది సుకిరి. లేచి దుంపలకి పోయింది.

తర్వాత చాలా ఏళ్ళు బతికింది. చాలామందిని తిట్టింది. ఉన్నన్నాళ్ళూ కొత్త పండుగలో మొదటి పిడికెడు ఆవిడే తినేది. ఒక వానాకాలం మామూలు జ్వరంతో పోయింది. ఆ ఏడు పండుగనాడు మొదటి పిడికెడు కోసం దిసరి ముందుకొచ్చి చెయ్యి చాచాడు. సోమిరి అతన్ని దాటి నడిచి, వెనకాల ఒదిగి నిలబడ్డ ఒక ముసలి విధవ దోసిట్లో పోసింది.

ఇప్పటికీ అక్కడ మొదటి పిడికెడు ఊళ్ళోకెల్లా పెద్ద విధవదే. ఇప్పటికీ మగాళ్ళు శకునం కోసం ఆకాశం చూస్తూ కూర్చుంటే, ఆడవాళ్ళు ఒక్కటే అడుగుతారు.

"సుకిరిని పిలవమంటారా?"

మగాళ్ళు లేస్తారు.