మందెక్కడ కడతవ్, జంబయ్యా?

కోళ్లన్నీ గడ్డివాము పక్కన ఒక మూలకు ఒత్తుకుని నిలబడి ఉన్నాయి. వాటి వెనక మేకపిల్లలు, మేకపిల్లల వెనక బాతులు, అన్నిటికీ వెనక బిక్కమొహం వేసుకుని బర్రెదూడ. ఒక్కటి కాలు కదిపితే ఒట్టు. వాటి ముందు ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్లీ ఈ చివర నుంచి ఆ చివరకు, నాలుక వేలాడేసుకుని ఉరుకుతున్నాడు కుక్క పిడుగు.

"చూసినవా పెద్దమ్మా! ఒక్కటి గూడ తప్పిపోలే! ఒక్కటి గూడ!"

"చూసిన బిడ్డా, చూసిన. ఇగ ఇడిసిపెట్టు, దూడ భయంతోని ఉచ్చ పోసేటట్టున్నది," అంది ఈదమ్మ నవ్వాపుకుంటూ.

ఈదమ్మ ముసలి గాడిద. వయసులో ఉన్నప్పుడు గొల్లల వెంట వంటసామాను, గొంగళ్లు, నడవలేని గొర్రెపిల్లలు వీపున మోస్తూ ఊళ్లు తిరిగింది. మోకాళ్లు అరిగాక ఈ రైతు దొడ్డిలో స్థిరపడింది. అయినా పాత మనసు పోలేదు. మంద తప్పిన కుక్క ఏది కంటపడినా వెంటబెట్టుకొచ్చి, తన కొట్టంలో పడుకోబెట్టుకుంటుంది. గాయం మానేదాకా చూస్తుంది, మంచి మంద దొరికాక అప్పజెపుతుంది. ఊరికే అప్పజెప్పదు సుమండీ! ఆడపిల్లకు సంబంధం చూసినట్టు ఇల్లూ వాకిలీ, మంచీ చెడ్డా అన్నీ వాకబు చేస్తుంది.

పిడుగు అలా వచ్చినవాడే. వాడు కాసిన గొర్రెల్ని యజమాని సంతలో అమ్మేశాడు. గొర్రెలెక్కిన లారీ వెంట ఉరికి ఉరికి, పాదాలు పగిలి, రోడ్డు పక్కన పడిపోయాడు పిడుగు. ఈదమ్మ వాణ్ని మూతితో నెట్టుకుంటూ నెట్టుకుంటూ దొడ్డికి తెచ్చింది. పాదాలు మానాయి. మనసు మాత్రం మానలేదు. మంద లేని మందకుక్క ఏం చేస్తాడు పాపం? కోళ్లు కనబడితే కోళ్లను తోలతాడు. బాతులు కనబడితే బాతులను తోలతాడు. ఏదీ కనబడకపోతే నిద్రలో కాళ్లాడిస్తూ లేని గొర్రెల్ని తోలతాడు.

"ఏందే ఈదమ్మా గీ లొల్లి?"

మూలలోంచి రెక్కలు టపటపలాడిస్తూ ముందుకొచ్చాడు పుంజు మొగిలయ్య. దొడ్డికి తానే పెద్దమనిషినని ఆయన నమ్మకం. "పొద్దుగాల కూసెటందుకు వామెక్కితే నన్ను గూడ కిందికి తోలిండు! నేను పుంజునా, గొర్రెనా?"

"కోపం జెయ్యకు పటేలా. వాడొచ్చినకాంచి ఒక్క కోడిని గూడ నక్క ఎత్తుకపోలే. గది గూడ చూడాలె గద?"

"నక్క లేదు గిక్క లేదు! నా కూతకే జడిసి ఎన్నడో గుట్ట దాటింది. రేపటికల్ల వీనికి ఇల్లు చూడు. లేకుంటే దొడ్డి బయటికి తోలుడే."

ఎద్దులు నెమరేస్తూ తలలూపాయి. బర్రెలు అటూ ఇటూ కాకుండా తోకలూపాయి. ఈదమ్మ బతిమాలింది. "కోతలైనయ్ పటేలా. మందలు గుట్ట దిగే కాలం. ఇయ్యాలో రేపో వస్తయ్. జర ఓపిక పట్టు."

"రేపటిదాక పడత," అని మెడ నిక్కించి వెళ్లిపోయాడు మొగిలయ్య.

పిడుగు తోక కాళ్ల సందులోకి పోయింది. బయట అంటే వాడికి తెలిసింది ఒక్కటే, రోడ్డు. రోడ్డంటే లారీలు. "పెద్దమ్మా," అన్నాడు చిన్నగా, "గొర్రెలున్నోళ్లు ఎవలొచ్చినా పోత. ముసలి గొర్రెలైనా సరే. కుంటి గొర్రెలైనా సరే."

ఆ మాట అనీ అనకముందే వేపకొమ్మ మీద కాకి సాయవ్వ వాలింది. ఊరి కబుర్లన్నీ ఆవిడ ముక్కున ఉంటాయి.

"సంబంధమొచ్చింది! పిడుగుకు సంబంధమొచ్చింది! పెద్ద మంద! గుట్ట అవతల!"

అంతే! పిడుగు గాలిలోకి లేచాడు. నేల మీద పడి రెండు పొర్లిగింతలు పెట్టాడు. ఈదమ్మ మూతి నాకాడు, ఎద్దు కాలు నాకాడు, తొట్టిలో నీళ్లు తాగబోయి తొట్టిలోనే పడ్డాడు. "ఎన్ని గొర్రెలు? ఎంత పెద్ద మంద? పిల్లలున్నయా? తప్పిపోయే పిల్లలున్నయా?"

"ఆయన్నే అడుగు. అగో, వస్తుండు."

కంచె సందులోంచి ఒద్దికగా తల వంచుకుని లోపలికొచ్చాడు నక్క జంబయ్య. భుజాన చిరిగిన గొంగడి ముక్క, ఒంటి నిండా అక్కడక్కడ గొర్రెబొచ్చు. గొర్రె పెంటికల్లో పొర్లి వచ్చాడేమో, దొడ్డంతా మంద వాసన గుప్పున కొట్టింది. ఆ వాసనకు పిడుగు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నాళ్లకు!

కోళ్లు మాత్రం కెవ్వుమన్నాయి.

"భయపడకుండ్రి అమ్మా," అన్నాడు జంబయ్య చేతులు జోడించినట్టు ముందుకాళ్లు రెండూ కలిపి. "నక్కనే. దాసుకుంట దేనికి? గని పాత బుద్ధులన్ని ఇడిసిపెట్టిన. ఇప్పుడు అంబలి తాగుకుంట గుట్ట అవతల మందకు కావలి ఉంటున్న. మంద పెద్దగయ్యింది, నా ఒక్కని తోని అయితలేదు. మంచి కుక్క కావాలె. మీ పిలగాని గురించి మస్తు విన్న పటేలా. అంతా మీ పెంపకమే అంట గద!"

మొగిలయ్య జుట్టు ఒక్కసారిగా ఎర్రబడింది. "ఏదో, మన చేతనైనంత," అన్నాడు. "ఈదమ్మా, ఇంక చూసేదేమున్నది? బంగారమసొంటి సంబంధం. ఇప్పుడే పంపిద్దాం."

సంగతేమిటంటే, గుట్ట అవతల మందా లేదు, అంబలీ లేదు. పాడుబడ్డ బావి ఒకటి ఉంది. పిడుగును అక్కడిదాకా తీసుకుపోయి అందులోకి తోసేస్తే, దొడ్డికి కాపలా ఉండదు. ఆ తర్వాత రోజుకో కోడి. మిగిలిన ముక్కలు సాయవ్వకు. ఇదీ ఆ ఇద్దరూ వేసుకున్న పథకం.

ఈదమ్మ మాత్రం తొందరపడలేదు. "కూసో తమ్మీ," అంది. "నాలుగు మాటలు అడుగుత. ఏం జీవాలున్నయ్ మీ తాన?"

సాయవ్వ ముందే నూరిపోసి ఉంచింది కదా, జంబయ్య గడగడా చెప్పాడు. "ఎర్ర గొర్లు, నల్ల గొర్లు, కొన్ని మేకలు."

"యాడ మేపుతున్నరు?"

"గుట్ట మీద తుమ్మకాయ, వాగొడ్డున గరిక."

"నీళ్లు?"

"వాగుల చెలిమెలు తీసి తాపుతున్నం అక్కా."

ఒక్కో జవాబుకూ పిడుగు ఒక్కో గంతు వేస్తున్నాడు. గరిక! చెలిమె! వాడి కళ్ల ముందు మంద కదులుతోంది, పిల్లలు తల్లుల కింద దూరుతున్నాయి, తానే చుట్టూ ఉరుకుతున్నాడు. "ఇంక చాలు పెద్దమ్మా! పోత! ఇప్పుడే పోత!"

"ఆఖరి మాట బిడ్డా," అని ఈదమ్మ నక్క వైపు తిరిగింది. "మందెక్కడ కడతవ్, జంబయ్యా?"

జంబయ్య కొమ్మ వైపు చూశాడు. సాయవ్వకూ ఇది తెలియదు. "కా" అని దగ్గి ఆకాశంలోకి చూడటం మొదలుపెట్టింది. అయినా నక్క నక్కే కదా. తడుముకోకుండా పకపకా నవ్వాడు.

"గిదేం అడుగుడక్కా! ఇంట్లనే కడతం. గట్టి గుంజలు పాతినం, కొత్త పగ్గాలు పేనినం. ఒక్కొక్క గొర్రెకు ఒక్కొక్క గుంజ. ముడులన్నీ నేనే ఏస్త. తెల్లారేదాక ఒక్కటి కదిలితే నన్నడుగు!"

"శెభాష్!" అన్నాడు మొగిలయ్య. "కడితే గట్ల కట్టాలె."

పిడుగు గాలిలోనే ఆగిపోయినట్టయి, నాలుగు కాళ్ల మీద దబ్బున దిగాడు.

మంద కట్టడమంటే ఏమిటో వాడికి కళ్లు తెరవని కూననాడే తెలుసు. కోతలయిన చేలో, రైతు రమ్మని పిలిస్తే, పొద్దుగూకే వేళకు జీవాలన్నిటినీ తోలుకుపోయి ఒక్కచోట పడుకోబెడతారు. ఎరువు చేనుకు, గింజలు గొల్లకు. అదీ మంద కట్టడం. దానికి గుంజ ఉండదు, పగ్గం ఉండదు. చుట్టూ తిరిగే కుక్కే ఆ మందకు తాడు. అన్నిటినీ గుంజకు కట్టేసేవాడికి కుక్కతో పనేముంది?

అంటే మంద లేదు. గరిక లేదు. తల్లుల కింద దూరే పిల్లలు లేవు. ఇంతసేపూ ముక్కు నిండా పీల్చుకున్న ఆ వాసన కూడా అబద్ధమే. పిడుగుకు ఏడుపొచ్చింది. ఏడుపు గొంతు దాకా వచ్చి అక్కడ కోపమైంది. ఆ కోపంలోంచే ఒక కొంటె ఆలోచన పుట్టింది.

"పెద్దమ్మా, నేను ఈ మామ ఎంబడి పోత," అన్నాడు.

"పిడుగూ!" ఈదమ్మ అడ్డం పోబోయింది. కాని వాడి ఎడమ చెవి కిందికి వంగి ఉంది. వాడు కొంటెపని చేసే ముందు ఆ చెవి అలాగే వంగుతుందని ఆవిడకు తెలుసు. ఆగి పక్కకు జరిగింది.

"గని మామా, మా దొడ్డిల ఒక పద్ధతున్నది. కుక్కను తీస్కపోయేటోడు నడుమ నిలబడాలె. ఆయన చుట్టు నేను మంద కట్టి సూపియ్యాలె. గప్పుడే అప్పజెప్పుడు."

"తాళ్లు తేవాల్నా?" అన్నాడు జంబయ్య.

"అక్కర్లే మామా. ఉన్నయి."

జంబయ్య దొడ్డి నడుమకు పోయి నిలబడ్డాడు. తన చుట్టూ మంద! మంద అంటే ఈ దొడ్డిలో ఏముంటాయి, కోళ్లే కదా! బొద్దు కోళ్లు, లేత కోళ్లు, వాటంతట అవే నడిచొచ్చి చుట్టూ నిలబడతాయి! నోట్లో ఊరిన నీళ్లు గొంగడి మీద కారాయి. "కండ్లు మూసుకో మామా, దిష్టి తగులుతది," అన్నాడు పిడుగు. జంబయ్య ఆనందంగా మూసుకున్నాడు.

ఇక చూడండి పిడుగు ఉరుకుడు! ముందు కోళ్లనూ బాతులనూ ఒక్క ఊపున గడ్డివాము మీదికి ఎక్కించాడు. "నేను పటేల్ని!" అని అరుస్తున్న మొగిలయ్యను వాటన్నిటికంటే పైకి ఎక్కించాడు. ఆ తర్వాత ఎద్దుల మడమల దగ్గర ఒక మొరుగు, బర్రెల తోకల దగ్గర ఒక మొరుగు. ఇటు రెండెద్దులు, అటు మూడు బర్రెలు, కొమ్ములు తిరిగిన మేకపోతు ఒకటి. చుట్టూ తిరిగి, చుట్టూ తిరిగి, వలయాన్ని బిగించి, బిగించి, ఆఖరి సందులో ఈదమ్మను నిలబెట్టాడు. ముఖం బయటికి, వెనక కాళ్లు లోపలికి.

"అయ్యిందా అల్లుడూ?" అన్నాడు జంబయ్య లొట్టలేస్తూ.

"అయ్యింది మామా. తెరువు."

జంబయ్య కళ్లు తెరిచాడు. ఎటు చూసినా కొమ్ములు. కొమ్ములు లేని చోట గిట్టలు. "గిదేంది? కోళ్లే... గొర్లేవి?"

"గుంజకు కట్టేసి మర్సిపోయినట్టున్నవ్ తమ్మీ," అని ఈదమ్మ వెనక కాళ్లు రెండూ ఎత్తి తన్నింది.

గొంగడి ఒక దిక్కు, గొర్రెబొచ్చు ఒక దిక్కు, జంబయ్య మాత్రం కంచె అవతల! లేచాడు, పడ్డాడు, మళ్లీ లేచి పరుగు లంకించుకున్నాడు. పిడుగు వెంటపడ్డాడు. కోసిన జొన్నచేను దాటారు, వాగు దాటారు, గుట్ట కిందికి వచ్చారు. ఇంకో గంతు వేస్తే నక్క తోక పిడుగు పళ్ల మధ్య ఉండేదే.

అప్పుడే గంటలు మోగాయి.

గుట్ట మలుపు నుంచి ఎర్రదుమ్ము లేచింది. దుమ్ములోంచి గొర్రెలు, గొర్రెల వెనక ఇంకా గొర్రెలు! నిజం గొర్రెలు! జంబయ్య ప్రాణభయంతో ఆ మంద నడుమకే దూరాడు. మంద బెదిరి చెల్లాచెదురైంది. పిల్లలు తల్లుల్ని తప్పిపోయి అరుస్తున్నాయి. ఆ మందకున్న ఒక్క కుక్కా ముసలిది, కుంటుతూ ఎటు పోవాలో తెలియక మొరుగుతోంది. కొన్ని గొర్రెలు రోడ్డు వైపు పరుగెత్తాయి. రోడ్డు మీద లారీ హారన్ వినబడింది.

పిడుగు నక్కను మరిచిపోయాడు. తోక దొరికేదే, అయినా మరిచిపోయాడు. రోడ్డుకు అడ్డం పడి ఉరికాడు, ముందు గొర్రె మూతికి మూతి ఆనించి మొరిగాడు, తిప్పాడు. ఇటు తిప్పాడు, అటు మలిపాడు, ముళ్లకంపలో చిక్కిన పిల్లను మెడ పట్టి లాగి తల్లి కిందికి తోశాడు. దుమ్ము తగ్గేసరికి మంద మొత్తం గుట్ట కింద కోసిన చేలో ఒక్కచోట చేరి ఊపిరి పీల్చుకుంటోంది. పిడుగు వాటి చుట్టూ ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. ఆగడానికి కాళ్లు ఒప్పుకోవడం లేదు, గుండెలో పట్టరానంత సంతోషం.

మందను నడిపించే పెద్దగొర్రె ముందుకొచ్చింది. "ఎవల కుక్కవ్ బిడ్డా?"

"ఇంకా ఎవల కుక్కను గానవ్వా," అన్నాడు పిడుగు.

"మరి మాతోని రారాదు? మా ముసలి కుక్కకు కండ్లు సరిగ కనబడుతలెవ్వు."

"ఆగుండ్రి! ఆగుండ్రి! నేనడగకుంట ఎట్ల ఇస్త?" రొప్పుతూ, కుంటుతూ వాగు దాటి వస్తోంది ఈదమ్మ. వచ్చీ రాగానే అడిగింది. "మందెక్కడ కడతరు?"

పెద్దగొర్రె ఆశ్చర్యంగా చూసింది. "గదేం మాట? ఏ రైతు రమ్మంటే ఆయన చేన్ల. ఇయ్యాల మీ రైతు పిలిచిండు, ఈ చేన్లనే. రేపు వాగవతల."

"గుంజలు?"

"గొర్లకు గుంజలేందే! కుక్క ఉంటే సాలు."

ఈదమ్మ కళ్లు చెమర్చాయి. పిడుగు నెత్తి మీద గడ్డం ఆనించి, "పో బిడ్డా," అంది. "గిది నీ ఇల్లు." పిడుగు ఆవిడ మూతి నాకాడు, రెండు కళ్లూ నాకాడు, మళ్లీ పరుగున పోయాడు. ఒక గొర్రెపిల్ల చేను గట్టు ఎక్కుతోంది మరి!

గడ్డివాము పైనుంచి మొగిలయ్య ఇదంతా చూశాడు. కిందికి తోలేవాడు లేక చాలాసేపు అక్కడే కూచున్నాడు. ఈదమ్మ తిరిగొచ్చాక మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "ఈదమ్మా... తోవల ఇంకేమన్న కుక్కలు తప్పిపోయినట్టు కనబడితే... జర తోలుకరా."

ఇక జంబయ్య సంగతంటారా? నడుము పట్టేసి పొదలో మూలుగుతున్నాడు. ఆ దారిన ఎవరు పోయినా తొంగిచూసి, "మందెక్కడ కట్టినవ్ జంబయ్యా?" అని పలకరించి మరీ పోతున్నారు. అందరికంటే గట్టిగా అడుగుతున్నది సాయవ్వే.

నీతి: ఇల్లిస్తానని వచ్చినవాడి తీపిమాటలకు మురిసిపోయే ముందు, ఆ ఇంటి పని అతనికి తెలుసో లేదో ఒక్క మాట అడగాలి.