గున్న ఏనుగు తల్లి పేడ ఎందుకు తింటుంది?

ఒకప్పుడు గున్న ఏనుగులు పదేళ్ళు వచ్చేదాకా తల్లిపాలే తాగేవి. ఆకు ముట్టేవి కావు. పెద్ద ఏనుగులు మాత్రం రోజుకు బండెడు వెదురు నమిలేవి. పేడ వేస్తే ఆ దరిదాపుల్లో నిలబడేవి కావు, అంత శుభ్రం వాటికి. ఏ గున్నయినా అటు తొండం చాపితే "ఛీ, కక్క" అని లాగేసేవి.

ఒక ఏడు వాన పడలేదు. చెంగమ్మ అనే ఏనుగుకు పాలు ఎండిపోయాయి. దాని గున్న బుజ్జులుకు అప్పటికి రెండేళ్ళే. పదేళ్ళు నిండాలంటే ఇంకా ఎనిమిది కావాలి. అన్నాళ్ళు ఆకలి ఆగుతుందా?

చెంగమ్మ లేత ఆకులు ఏరి వాడి నోట్లో పెట్టింది. ఆకు లోపలికి ఎలా పోయిందో అలాగే బయటికొచ్చింది. పొట్ట మాత్రం డోలులా ఉబ్బింది. మూడో రోజుకు బుజ్జులు లేవలేకపోయాడు.

"చెట్టు మింగినట్టుందమ్మా," అన్నాడు సన్నగా.

చెంగమ్మకు ఏం చేయాలో తోచలేదు. వాడి వీపు నిమురుతూ నిలబడి, నిలబడి, అక్కడే పేడ వేసేసింది. సిగ్గుపడి జరగబోతుంటే కిందనుంచి మాటలు వినపడ్డాయి.

"వెళ్ళకు తల్లీ. నీతో పనుంది."

"ఎవరు మీరు? కనపడరేం?"

"నీ కడుపులో కాపురముండే చిన్నవాళ్ళం. వెదురు నమిలేది నువ్వు, అరిగించేది మేము. ఒకరొకరుగా నీలో చేరేసరికి పదేళ్ళు పట్టింది. నీ బిడ్డ కడుపులో మావాళ్ళు ఇంకా చాలరు. మరి ఆకు అరిగేదెట్లా?"

"మీరెంతమంది?"

"ఈ ముద్దలోనా? ఒకసారి లెక్కపెట్టాం. ఏడో కోటి దగ్గర ఎవరికో పిల్లలు పుట్టారు, లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. మమ్మల్ని వాడికి తినిపించు. అందరం ఒక్కసారే చేరిపోతాం."

ఈ మాట మందకు పెద్దదైన అత్త చెవిన పడింది. "పేడ తినిపిస్తావా? మన పరువేం కాను?"

"పరువుకు పాలొస్తాయా, అత్తా?" అంది చెంగమ్మ.

అత్త తొండం ముడుచుకుని పక్కకు జరిగింది.

చెంగమ్మ చిన్న ముద్ద తీసి బిడ్డ నోటికందించింది.

బుజ్జులు మొహం తిప్పుకున్నాడు. "కక్క అని నువ్వే కదమ్మా చెప్పావు?"

"తెలీక చెప్పాను నాన్నా. వీళ్ళు మనవాళ్ళే."

వాడు వాసన చూశాడు. అమ్మ వాసనే. కళ్ళు మూసుకుని మింగాడు.

సాయంత్రం వాడి కడుపు ఉరిమింది. అత్త మబ్బు పట్టిందేమోనని పైకి చూసింది. పొట్ట మెల్లగా తగ్గింది. రోజూ ఇంత ముద్ద, ఇన్ని ఆకులు. నాలుగో రోజు బుజ్జులు లేచి అమ్మ నోట్లోని వెదురు లాక్కున్నాడు. తిన్నది ఒంటికి పట్టింది.

అప్పటినుంచే గున్న ఏనుగులు ఆకు తినడం నేర్చే వయసులో తల్లి పేడ వెతుక్కుని తింటాయి. తల్లి తొందరపెట్టదు. బిడ్డ తినడం అయ్యేదాకా కదలకుండా అక్కడే నిలబడుతుంది.